లో వోల్టేజీ మార్కులు

సీతమ్మధార,
12 ఫిబ్రవరి 2004

అనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. పాలకొండ సర్కారు బడిలో సుద్దముక్క అరగదీసుకుంటూ హాయిగా ఉన్నావు. నిన్ను చూస్తే కుళ్ళుగా ఉందే. నేను బీఎడ్ కాలేజీ లెక్చరర్నని నువ్వు అందరికీ గొప్పగా చెబుతావట. నా గొప్ప ఏమిటో ఈ ఉత్తరం చదివాక మళ్ళీ చెప్పు చూద్దాం.

మా కాలేజీ దువ్వాడ స్టేషన్ వెనక. విద్యార్థుల పాఠాల పరీక్షలు మాత్రం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక హైస్కూల్లో జరుగుతున్నాయి. కాబోయే టీచర్లు పిల్లలకి పాఠం చెబుతారు. నేను వెనక కుర్చీలో ఎర్ర పెన్నుతో కూర్చుని మార్కులు వేస్తాను. ఈ ఏడు ఫారంలో కొత్తగా ఒక గడి పెట్టారు. 'సాంకేతిక ఉపకరణాల వినియోగం, ఇరవై మార్కులు'. దాని కింద చిన్న అక్షరాలతో ఓహెచ్‌పీ, టీవీ, కంప్యూటర్ అని అచ్చేశారు. అరవై మందికీ ఉన్నది ఒక్క ఓహెచ్‌పీ, ప్లాస్టిక్ కాగితం మీది బొమ్మని గోడ మీద వేసే దీపం పెట్టె. అక్కచెల్లెళ్ళు ఒకే పట్టుచీర వంతులేసుకుని పెళ్ళిచూపులకి కట్టుకున్నట్టు, ఈ క్లాసులోంచి ఆ క్లాసులోకి దాన్ని మోసుకు తిరుగుతున్నారు.

రాణి అని ఒక అమ్మాయి ఉంది, క్లాసులో ఫస్టు. పాఠం కాంతి వక్రీభవనం. స్విచ్ వేసింది. లోపల పంకా గుయ్యిమని తిరిగింది, దీపం వెలగలేదు. కాస్తయినా కంగారు పడిందేమో అనుకున్నావా? "పిల్లలూ, లో వోల్టేజీ. గోడ మీద బొమ్మ ఉందని ఊహించుకోండి" అంది. తర్వాత ఆ ప్లాస్టిక్ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూపించింది. కాంతి గురించి పాఠం, అందులో కాంతే లేదు! ఇరవైకి ఇరవై వేశాను. స్విచ్ వేసింది కదా, దీపం వెలగాలని ఫారంలో ఎక్కడా లేదు. ఉమామహేష్ అనే మహానుభావుడు వాళ్ళ బావ నెట్ సెంటర్ నుంచి మానిటర్ ఒక్కటీ మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, దానికి దండం ఒక్కటే తక్కువ, గంట సేపు దాని పక్కన నిలబడ్డాడు. పద్దెనిమిది.

ఆ తర్వాత అప్పలరాజు. హార్బర్ కుర్రాడే, వాళ్ళకి మరబోటు ఉంది. లుంగీలో ఏదో చుట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. బోటు నుంచి విప్పుకొచ్చిన మిషనట. నీటిలోకి శబ్దం పంపి లోతెంతో, చేపలెక్కడున్నాయో చూపిస్తుందట. గదంతా నీచు వాసన. పాఠం ప్రతిధ్వని. అయిదు నిమిషాలు బోర్డు మీద ఏదో రాసి, "రండర్రా, బావి కాడికి" అని పిల్లలందరినీ బయటికి తోలుకుపోయాడు. "మేడమ్, మీరూ రండి, అక్కడైతేనే పని సేత్తాది" అన్నాడు. ఆ ఎండలో నేనెందుకు లేస్తాను? ఖాళీ బెంచీలకి పరీక్ష పెట్టుకుని అరగంట కూర్చున్నాను. గడిలో సున్నా వేసి, పక్కన 'తరగతి గది విడిచి వెళ్ళాడు, సంబంధం లేని వస్తువు తెచ్చాడు' అని రాశాను.

ఈ సున్నాతో ప్రాక్టికల్ తప్పుతాడు. తప్పితే ఈసారి టీచర్ల ఎంపిక పరీక్షకి కూర్చోలేడు. చదువుకి వాళ్ళ నాన్న ఇచ్చిన గడువు ఈ ఏడాదేనట, తర్వాత బోటెక్కాల్సిందే. ఎక్కనీ. బోటు సామాను మీద అంత ప్రేమ ఉన్నవాడికి అదే సరైన చోటు.

ఉంటాను మరి.
నీ సుధారాణి

*

సీతమ్మధార,
24 ఫిబ్రవరి 2004

అనూ,

నువ్వు నన్ను బాగానే కడిగేశావు. "లేచి బావి దాకా నడిస్తే నీ కాళ్ళు అరిగిపోయేవా" అని రాశావు. కోపం వచ్చింది. ఉత్తరం చింపేద్దామనుకుని మడిచి పెట్టాను. ఈలోగా ఆ అప్పలరాజు స్టాఫ్ రూమ్‌కి వచ్చాడు. ఏడుస్తాడు, కాళ్ళ మీద పడతాడు, నాలుగు చీవాట్లు పెట్టి పంపిద్దాం అని సిద్ధంగా కూర్చున్నాను. వాడు చేతులు కట్టుకోలేదు, గొంతు తగ్గించలేదు.

"మార్కులడగడానికి రాలేదు మేడమ్. ఒకటడుగుతాను. ఆ ఓహెచ్‌పీ బల్బు కాలిపోయిందని మీకు తెలిసే రాణికి ఇరవై ఏశారా, తెలవకేశారా?"

"బల్బు కాలలేదు, లో వోల్టేజీ" అన్నాను.

"పంకా అంత జోరుగా తిరుగుతంటే లో వోల్టేజీ ఏటి మేడమ్? ఫిజిక్స్ మీరే కదా సెప్తారు."

మిగతా లెక్చరర్లు తలలు ఎత్తారు. బయటికి పో అని అరిచాను. పోయాడు. అదిగో, అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఎందుకో నీకు చెబుతున్నాను. ఇది మా ఆయనకి కూడా తెలియదు.

ఆ బల్బు కాల్చింది నేనే. 1999లో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందని ఆ యంత్రం కొన్నారు. అప్పటికి దాన్ని ముట్టుకున్నది నేనొక్కదాన్నే. అరగంట వెలిగించి, వాళ్ళు వచ్చే వేళకి బల్ల జరపాలని, చల్లారకుండానే దాన్ని ఎత్తాను. లోపల టప్పుమంది. వేడిగా ఉన్నప్పుడు కదిపితే బల్బు పోతుందని దానితో వచ్చిన కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. నేను చదవలేదు. అయిదుగురు పెద్దమనుషులు ఎదురుగా కూర్చున్నారు. నా నోట అప్రయత్నంగా వచ్చిన మాట ఏమిటో తెలుసా? "లో వోల్టేజీ సార్, దయచేసి ఊహించుకోండి." వాళ్ళు నవ్వి, తలలూపి, ఊహించుకున్నారు. గుర్తింపు ఇచ్చేసి వెళ్ళారు.

బల్బు మార్చమని అడిగితే ఎవరు కాల్చారంటారు. అడగలేదు. ఆ తర్వాత నా డెమో పాఠాల్లో ప్రతి ఏడూ అదే మాట చెప్పాను. పిల్లలు నా దగ్గర విద్యా సాంకేతికత నేర్చుకున్నారనుకున్నాను. నేర్చుకున్నది ఆ ఒక్క వాక్యం. రాణిని చూసి నవ్వాను కదా నీ దగ్గర, అది నా మాటే, నా గొంతే, చెయ్యి తిప్పడం కూడా నాదే. అయిదు బ్యాచులు, అనూ. వాళ్ళంతా ఇప్పుడు ఎన్ని బళ్ళలో ఎంతమంది పిల్లలని ఊహించుకోమంటున్నారో. నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అలాగని ఊరంతా చాటింపు వేసుకోలేను. మార్కుల ఫారాలు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. రేపు అప్పలరాజు సున్నా కొట్టేసి ఇరవై వేసేస్తాను. పీడా వదిలిపోతుంది.

సుధ

*

సీతమ్మధార,
8 మార్చి 2004

అనూ,

పీడా వదల్లేదు. ఇరవై వేసి, వాణ్ణి పిలిచి చూపించాను. నా మంచితనానికి నాకే కళ్ళు చెమర్చాయి. వాడు ఫారం చూసి బల్ల మీద పెట్టాడు.

"సూడకుండానే సున్నా ఏశారు. సూడకుండానే ఇరవయ్యీ ఏశారా?"

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. "మరేం చెయ్యమంటావు?" అన్నాను. "బోటు మరమ్మతై నీట్లోకి దిగిపోయింది. మిషను దాని మీదే ఉంది. సూడాలనుంటే ఆదివారం పొద్దున్న రండి. నాను పాఠం సెప్తాను, అప్పుడెన్నేత్తే అన్ని" అన్నాడు.

నిన్న వెళ్ళాను. చేపల వేలంపాట అరుపుల్లోంచి, ఐసు నీళ్ళలోంచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని. అప్పలరాజు తండ్రి గవర్రాజు నన్ను చూసి, "ఏటమ్మా, మావోడు తప్పాడా నెగ్గాడా?" అన్నాడు. ఇంకా తేలలేదన్నాను. "ఇరవై నాలుగు రోజులైపోనాది కదమ్మా! మా వలైతే అప్పుడికప్పుడే తేలిపోద్ది" అన్నాడు.

అప్పలరాజు నా చేతే స్విచ్ వేయించాడు. చేప కళ్ళంత అంకెలు తెర మీద వెలిగాయి. నిజంగా వెలిగాయి, ఊహించుకోనక్కర్లేదు. అయిదున్నర మీటర్లు. గవర్రాజు సీసం గుండు కట్టిన తాడు నా చేతికిచ్చి దించమన్నాడు. తాడు వదులయ్యాక పైకి లాగి, చేతులు చాచి కొలిచాడు. మూడు బారలు. బారకి ఆరడుగుల లెక్కన రెండూ ఒకటే. శబ్దం వెళ్ళి వచ్చిన సమయంలో సగం ఎందుకు తీసుకోవాలో కుర్రాడు చెబుతుంటే, అనూ, నేను పదిహేనేళ్ళుగా చెబుతున్న పాఠం మొదటిసారి నాకే అర్థమైనట్టనిపించింది.

ఆ తర్వాత చెక్క మీద సుద్దతో లెక్క వేశాడు. శబ్ద వేగం 340 అని రాశాడు.

"ఆగు. అది గాలిలో వేగం. నీటిలో సెకనుకి పదిహేను వందల మీటర్లు" అన్నాను.

చెక్క మీది 340ని అరచేత్తో తుడిచేశాడు. "మరైతే ఆ పిల్లలందరికీ తప్పు సెప్పేశాను మేడమ్" అన్నాడు. సున్నా చూసినప్పుడు కూడా వాడి మొహం అంత వాడిపోలేదు. సంచీలోంచి లెసన్ ప్లాన్ పుస్తకం తీసి ఆ పేజీ తిప్పాడు. అక్కడా 340 అనే ఉంది. కింద ఎర్ర సిరాతో, 'పరిశీలించాను, సరిగా ఉంది' అని నా సంతకం. వాడు పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నాడు. నాలుగు మాటలంటే బాగుండేది.

పదహారు వేశాను. కోసిన నాలుగింట్లో నా వాటా ఎంతో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. వాడు ప్రాక్టికల్ నెగ్గాడు. ఆ రోజు కుర్చీలోంచి లేచి బోర్డు దాకా నడిచినా, బావి దాకా నడిచినా ఆ తప్పు అక్కడే దొరికేది. నలభై ఇద్దరు పిల్లలు ఇన్నాళ్ళూ దాన్ని నిజమనుకుని మోసేవాళ్ళు కాదు.

ఈ పొద్దున్న మా ప్రిన్సిపాల్ నీలకంఠం గారికి కాగితం ఇచ్చాను. బల్బు ఎప్పుడు పోయింది, ఎవరి చేతిలో పోయింది, అప్పలరాజుకి తప్ప మిగతావాళ్ళకి ఆ గడిలో నేను వేసినవి ఎందుకు చెల్లవు, వాళ్ళందరికీ పాఠం మళ్ళీ ఎందుకు పెట్టాలి, అన్నీ రాశాను. ఆయన చదివి, "జూన్ నుంచి మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండమ్మా. బల్బు మాత్రం ఇవాళే తెప్పిస్తాను" అన్నారు. అయిదేళ్ళు రాని బల్బు అరగంటలో వచ్చింది.

అక్కణ్ణుంచి తిన్నగా హార్బర్ బడికి వెళ్ళి, వెనక ఆ కుర్చీలోనే కూర్చున్నాను. తప్పు దిద్దుకోవడానికి వచ్చిన అప్పలరాజు బోర్డు మీద 340 రాసి, కొట్టేసి, 1500 రాసి, "నాను తప్పు సెప్పానర్రా" అన్నాడు. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి, "మరా రోజు మేడమ్ ఇక్కడే కూకున్నారు కదా సార్, సెప్పలేదేటి?" అంది.

వాడు నా వైపు చూడలేదు, నన్ను కాపాడనూ లేదు. నేను కుర్చీలోంచి లేచాను. "నేను చూడలేదమ్మా" అన్నాను.

నీ
సుధారాణి