ఈసారి జెండా నేనే ఎగరేస్తాను

4 ఆగస్టు 1997
స్కూలు హెడ్మాస్టారు వచ్చారు. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళట, పంచాయతీ ఆఫీసు దగ్గర జెండా పండగ ఘనంగా చెయ్యాలట. చెప్పింది నాకు కాదు — అరుగు మీద కూర్చున్న మా ఆయనకి. "సర్పంచి గారూ, తమరు జెండా ఎగరేసి రెండు ముక్కలు మాట్లాడాలండి."
సర్పంచి గారట! ఆడవాళ్ళ సీటని నిలబెట్టింది నన్ను, ఓట్లు పడ్డది నాకు. గెలిచిన మర్నాటి నుంచి సర్పంచి మాత్రం ఆయన. కిందటేడూ ఆయనే ఎగరేశాడు. నేను వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. సిగ్గులేని చేతులు.
టీ గ్లాసులు అందిస్తూ అనేశాను. "ఈసారి నేనే ఎగరేస్తానండి."
హెడ్మాస్టారు టీ మింగడం మరిచిపోయారు.

5 ఆగస్టు
ఆయన మాట్లాడటం లేదు. అలక. చేపల పులుసు మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

7 ఆగస్టు
హెడ్మాస్టారు ఉపన్యాసం రాసి పంపారు. దాస్య శృంఖలాలు... నోరు తిరగదు. పక్కన పడేశాను.
నా పుట్టిల్లూ ఈ ఊళ్ళోనే, మామ్మ దగ్గరికి వెళ్ళాను. మా నాన్నని కన్న తల్లి, ఆ రోజులన్నీ చూసిన మనిషి. ఎండు చేపలు తిరగేస్తోంది. స్వరాజ్యం ఎలా వచ్చిందే అని అడిగితే కస్సుమంది — "ఊరికే వచ్చిందనుకున్నావేంటే?"
అప్పుడు తను చిన్నపిల్ల. ఊరి ఆడవాళ్ళంతా ఒడ్డున పొయ్యిలు పెట్టి ఉప్పు వండారట. "సముద్రం మన గుమ్మంలో ఉంటే తెల్లోడికి పన్నేంటి?" పోలీసులొచ్చి కుండలు తన్నేశారు. మర్నాడు కాలవ అవతల మళ్ళీ పొయ్యిలు. "కుండ తన్నితే ఇంకో కుండ ఎట్టాం. ఆళ్ళ కాళ్ళు నొప్పెట్టాయి గానీ మా కుండలు అయిపోలేదు."
నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. నా ఉపన్యాసం ఇదే.

9 ఆగస్టు
మళ్ళీ మామ్మ దగ్గర. ఉప్పు తరవాత ఏమైందే?
"ఏవవుద్ది. తెల్లోడు మద్రాసులో మనోళ్ళని మంత్రుల్ని చేశాడు. పేరు మనది, పెత్తనం ఆడిది. అదెన్నాళ్ళు సాగుద్ది!"
ఎవరి ఇల్లు గుర్తొచ్చిందో రాయక్కర్లేదు.
తరవాత పెద్ద గొడవ. దేశమంతా తెల్లవాణ్ణి పొమ్మంది. టెలిగ్రాం తీగలు తెంపారు, రైలు పట్టాలు పీకారు, జైళ్ళు నిండాయి. అవతల యుద్ధంలో తెల్లవాడి నడుం విరిగింది. ఉండలేక వెళ్ళాడు. ఢిల్లీలో మన జెండా, మన మంత్రులు.

12 ఆగస్టు
ఆయన నోరు విప్పాడు, ఎట్టకేలకు. "ఊళ్ళో నవ్వుతారే."
"నవ్వనివ్వండి. పళ్ళేం ఊడిపోవు."
"జెండా కట్టడం నీకేం తెలుసు?"
"మీరు కట్టండి. లాగేది నేను."
కాదనలేదు!

14 ఆగస్టు
తెల్లచీర తీస్తే మామ్మ తిట్టింది. "పండక్కి తెల్లచీరేంటే, శుభమా అని!" ఆకుపచ్చది తీశాను.

15 ఆగస్టు
గెలిచాను. ముందు ఆ మాట రాయనీ.
తెల్లారేసరికి రేవులోని జనమంతా జెండా స్తంభం దగ్గరే. మైకులో నా పేరు, సర్పంచి నాగమణి గారు అని. నా పేరు అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ పిలవలేదు. వెళ్ళి తాడు లాగాను. జెండా విచ్చుకోలేదు. మళ్ళీ లాగాను — ఇంకా బిగిసింది. వెనకెవరో కిసుక్కున నవ్వారు. "ఆడోళ్ళ చేతికిస్తే అంతేనండి."
పైకి చూస్తే అర్థమైంది. మా ఆయన జెండాకి పడవ కట్టే ముడి వేశాడు! లాగేకొద్దీ బిగుస్తుంది. ఆయన ముఖం చూశాను. పాలిపోయింది. కావాలని కాదు, చేతి అలవాటు. ముందుకు రాబోయాడు. ఉండమన్నాను.
జెండా కిందికి దించాను. పుట్టింట్లో ఎన్ని పడవలు విప్పలేదు! ఆ ముడి ఊడదీసి, పూలు మళ్ళీ మడతలో పెట్టి, లాగితే వీడే ముడి వేశాను. పైకెక్కించి లాగాను. ఒక్క లాగుడుకే విచ్చుకుంది! బంతిపూలన్నీ నా నెత్తి మీదే.
మైకు పట్టుకుంటే భయం ఎటు పోయిందో. కుండల సంగతి చెప్పాను, జైళ్ళ సంగతి చెప్పాను. చివర్న — "తెల్లవాడు పోతే సరిపోలేదండి. మనవాళ్ళు కొత్త ప్రభుత్వం పెట్టుకుని అందరికీ ఓటిచ్చారు. మా మామ్మకీ ఇచ్చారు. ఆ ఓటే నన్నిక్కడ నిలబెట్టింది." ఆడవాళ్ళు ఈలలు వేశారు. ఈలలు! మామ్మ ఏడుస్తూనే పక్కావిడతో అంటోంది, "నా మనవరాలండి."
మా ఆయన కూడా చప్పట్లు కొట్టాడు. చూశాను.

16 ఆగస్టు
పొద్దున్నే పంచాయతీ సెక్రటరీ వచ్చారు. సోమవారం మీటింగు, మంచినీళ్ళ కుళాయిల గురించి. "సార్ ఉన్నారాండి?"
"సర్పంచి ఉందండి. కూర్చోండి."
కూర్చున్నారు. నాతోనే మాట్లాడారు. లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది.

17 ఆగస్టు
అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ ఆయన అడిగాడు. "రేపు మీటింగుకి నన్ను రమ్మంటావా, వద్దంటావా?"
ఇన్నేళ్ళ కాపురంలో నన్ను ఇలా అడగడం ఇదే మొదలు. రమ్మంటే మళ్ళీ నా కుర్చీలో కూర్చుంటాడేమో. వద్దంటే... ఆ ముఖం ఎలా ఉంటుందో తెలుసు.
పెరుగు వేశాను. ఇంకా ఏమీ చెప్పలేదు.