పాపకు పంపిన చెప్పులు

అమ్మకు వందనాలు. ప్రభువు దయవల్ల ఈ పరాయి దేశంలో ఎలాగో ఉన్నాం.

పాప నడిచిందని మా ఆయన రాసిన ఉత్తరం చదివి మన సంఘమంతా స్తుతిపాటలు పాడారని రాశావు. నువ్వు పంపిన చెప్పులు అందాయి. పాప నడవలేదమ్మా. జ్వరం తగ్గినా కాళ్లలో సత్తువ రాలేదు. నిన్న చెప్పులు తొడిగి, నిలబెట్టి, చెయ్యి వదిలితే కూలబడింది.

"లేనిది ఎందుకు రాశారండీ?" అంటే, "విశ్వాసంతో ముందే రాశానే" అన్నారు.

నయమైందనుకుని అక్కడ అందరూ ప్రార్థన మానేసి ఉంటారు. నువ్వు మాత్రం మానొద్దు. మోకరిస్తే నాకు నోరు పెగలడం లేదు.

అక్కకు ఎన్నో నెల? నాన్న దగ్గు తగ్గిందా? అందరికీ వందనాలు చెప్పు.

ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసేది ఆయనే. చదివితే చదవనీ.

నీ చిన్నమ్మాయి