మా విభాగం నిలబడి పనిచేయడంపై వివరణ

గౌరవనీయులైన మేనేజరు గారి సమక్షానికి,

మా విభాగమంతా నిలబడి పనిచేయడం సమ్మెలా కనిపిస్తోందని, సాయంత్రంలోగా వివరణ ఇవ్వకపోతే అందరిపైనా చర్య తప్పదని తమరు పంపిన మెమో అందింది. సిబ్బంది నిర్దోషులు. నాకు మొలలు వచ్చి కూర్చోలేకపోతున్నాను. పెద్దవాణ్ణైన నేను నిలబడి ఉండగా తాము కూర్చోవడం మర్యాద కాదని వారూ లేచారు. కారణం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చివరకు మొన్న టైపిస్టు అమ్మాయే దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది: "మొలలేగా బాబాయ్‌గారూ? మా నాన్నకీ ఇంతే. సిగ్గుపడుతూ కూర్చుంటే... అయ్యో, కూర్చోలేరుగా! డాక్టరుకి చూపించుకుని ఇసబ్గోలు పొట్టు తాగండి. మా కాళ్లు పడిపోతున్నాయి."

డాక్టరుగారు పరీక్షించి, ప్రస్తుతానికి ఆపరేషన్ అక్కర్లేదని, ఆ పొట్టునే నీళ్లు ఎక్కువ పోసి తాగమని, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోమని సెలవిచ్చారు. నేను రహస్యంగా కొన్న మూలికల లేహ్యం చూపిస్తే, డబ్బా బాగుందన్నారు. మంట తగ్గుముఖం పట్టింది.

ఇంతవరకు నిలబడి రాశాను. ఇప్పుడే మెల్లగా కూర్చున్నాను. వెనుక కుర్చీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. సమ్మె విరమించినట్లు తమరు నమోదు చేసుకోవచ్చు.

భవదీయుడు,
విభాగాధిపతి