లేని వార్డుకు నువ్వు చేసిన వెబ్‌సైటు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. పొద్దున అమ్మ నీ ఫోటోకు దండ వేస్తుంటే, మన అల్వాల్‌ల నువ్వు వెబ్‌సైటు చేసిచ్చిన ఆస్పత్రి మేనేజర్ ఫోన్ చేసిండు.

యాదికుందా? "బ్లడ్ క్యాన్సర్‌కు ప్రపంచస్థాయి వార్డు" అని రాసినవ్. ఆ వార్డుకు బోర్డు తప్ప మంచం సుత లేదని నేనంటే, "పిచ్చిదానా, వెబ్‌సైట్లంటే గిట్లనే ఉంటయ్" అని నవ్వి జర్మనీల కొలువుకు పోయినవ్.

అక్కడ అదే రోగం నీకే వచ్చింది. కొలువు పోయి వీసా అయిపోతే, వైద్యం అయ్యేదాక ఉండనియ్యమని పర్మిట్‌కు పెట్టుకున్నవ్. వీసా ఆఫీసోళ్లు నువ్వు రాసిన పేజీనే ప్రింట్ తీసి నీ ముందల పెట్టిండ్రు. మీ ఊర్లనే ఇంత మంచి వైద్యముంటే ఇక్కడెందుకన్నరు. అది అబద్ధం, రాసింది నేనే అన్నవట. అబద్ధాలు రాసెటోని మాట ఎట్ల నమ్మాలన్నరట. తిరిగొచ్చి, ఆ అల్వాల్ ఆస్పత్రి జనరల్ వార్డులనే కన్ను మూసినవ్.

మేనేజర్ ఇప్పుడు సైటు కొత్తగ చేయిస్తున్నడట.

"జర్మనీ వద్దనుకొని మా దగ్గరికే వచ్చిండని రాసి, మీ అన్న ఫోటో పెడతమమ్మా."

"చచ్చిపోయిండు గద సార్."

"అది రాయంలే. దండ లేని ఫోటో ఉంటే పంపు."

పంపిన అన్నా. నువ్వు రాసిన మాటల పక్కన నీ మొహమే ఉండాలె.