రెండు గంటల యాభై నిమిషాలు

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవించి రాయునది. ఇక్కడ నేనూ తమ్ముడూ బాగానే ఉన్నాం. వంట వంతు నాదైన రోజు వాడు బయట తినేసి వస్తున్నాడు, అంతకుమించి ఇబ్బందేమీ లేదు.

నీ ఉత్తరం అందింది. రెండోసారి కూడా కడుపు కోయాలన్నారని చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సు తీశాను. రెండు స్టాపుల్లో ఆపడం మర్చిపోయాను. జనం తిట్టారు, పడ్డాను.

నువ్వడిగినవాటికి జవాబులు. తమ్ముడి దగ్గు తగ్గింది. మీ అమ్మ పోయాక ఎవరూ ముట్టని కుట్టుమిషన్‌కి నేనే నూనె వేస్తున్నాను. ఇక మూడోది. పోయిన నెల ఆపరేషన్‌కి నాకు సెలవివ్వని డిపో మేనేజరుకు ఫోన్ చేసి నాలుగు దులుపుతానన్నావు. ఆ పని చెయ్యకు తల్లీ. ఆయన సెలవిచ్చాడు. "వెళ్లి పిల్ల దగ్గర ఉండవయ్యా" అని వారం రోజులకు సంతకం పెట్టాడు.

ఈ మాట ఫోన్లో చెబితే నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు విమానం టికెట్ పంపుతూ రాశావు, పందొమ్మిది వందల కిలోమీటర్లు, రెండు గంటల యాభై నిమిషాలు, కునుకు తీసేలోపు వచ్చేస్తావు నాన్నా అని. రోడ్డు మీద అది రెండు వేల మూడు వందలు. ఇరవయ్యారేళ్లుగా స్టీరింగ్ పట్టినవాడికి ఆ దూరం అంటే మూడు రోజులు. బండి తీసేముందు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూస్తాను, బ్రేకు తొక్కి చూస్తాను. ఆ రోజు విమానమెక్కగానే తలుపు దగ్గరున్న అమ్మాయిని, "డ్రైవర్‌ని ఒకసారి చూడొచ్చామ్మా?" అని అడిగాను.

"ఆయన లోపల పనిలో ఉన్నారండీ, మీరు కూర్చోండి" అంది.

కూర్చున్నాను. తలుపు వెయ్యబోతుంటే కుడికాలు బ్రేకు కోసం వెతుకుతోంది. అక్కడ నా చేతిసంచీ తప్ప ఏమీ లేదు. "నన్ను దింపేయండి" అన్నాను.

దింపుతామన్నారు. కింద సామాన్లలోంచి నా పెట్టె వెతికి తియ్యడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. పక్కసీటు పెద్దావిడ, "మా చెల్లెలు ఆస్పత్రిలో ఉంది బాబూ, దిగేదేదో త్వరగా దిగు" అంది. నాకూ ఆస్పత్రిలో కూతురుందని ఆవిడతో చెప్పలేకపోయాను.

దిగి తిన్నగా డిపోకి వెళ్లి, సెలవు రద్దు చేయించుకుని డ్యూటీ ఎక్కాను. నీకేమో సెలవు దొరకలేదన్నాను. ఆపరేషన్ కాగితం మీద తండ్రి పెట్టాల్సిన సంతకం నీ గదిలో ఉండే టీచరమ్మ పెట్టిందని రాశావు చూడు, అది చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. సిగ్గుగా ఉంది తల్లీ.

ఈసారి టికెట్ పంపకు. మళ్లీ ఎక్కి మళ్లీ దిగిపోతానేమోనని నా మీద నాకే నమ్మకం లేదు. ఇవాళ మంగళవారం, మధ్యాహ్నం బస్సుకు బయలుదేరుతున్నాను. నాలుగు బస్సులు మారాలి. అన్నీ సవ్యంగా ఉంటే శుక్రవారం సాయంత్రానికి నీ దగ్గరుంటాను, నీ ఆపరేషన్ శనివారం పొద్దున. దారిలో బండ్లు ఎలా మొరాయిస్తాయో నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఈ ఉత్తరం మాత్రం విమానంలోనే వస్తుంది. రేపటికల్లా నీ చేతికందుతుందని కొరియర్ ఆఫీసులో చెప్పారు.

నేను చేరేలోపే నిన్ను లోపలికి తీసుకెళితే, మీ నాన్న ఏరని ఎవరైనా అడిగితే, సెలవు దొరకలేదని చెప్పకు. భయపడ్డాడు, బస్సులో వస్తున్నాడు అని చెప్పు.

ఇట్లు,
దారిలో ఉన్న నాన్న