బదులు మనిషి

ప్రియమైన మరదలికి,

ఆపరేషన్ అయింది. గర్భసంచి తీసేశారు. బతికే ఉన్నాను, కంగారుపడకు. మా అమ్మ మంచం దిగనివ్వడం లేదు.

నా బెంగంతా నేను పనిచేసే అమ్మగారి ఇంటి మీదే. మన ఇళ్లపనిలో సెలవు కావాలంటే బదులు మనిషిని మనమే పెట్టి వెళ్లాలి. ఆ వచ్చినది చివరికి మనకే ఎసరు పెడుతుంది. అందుకే పరాయిదాన్ని కాకుండా నిన్ను పెట్టాను. మీ అన్న పోయాక నన్నూ పిల్లనీ నిలబెట్టింది ఆ ఒక్క ఇల్లే. అది జారిపోతే మాకు దిక్కులేదు.

నువ్వు మాత్రం మరీ ఒళ్లు వంచి చేయకు తల్లీ! నీ చేతిపని నాకు తెలుసు. అమ్మగారు నన్ను మరిచిపోతే నీ జుట్టు పీకుతా.

నీ వదిన

మా వదినమ్మకి,

జుట్టు పీకే ఓపిక వచ్చిందంటే కోలుకున్నట్టే. నీ ఇల్లు ఎక్కడికీ పోదు. రోజూ ఆలస్యంగా వెళ్తున్నాను. మూలలు తుడవను, గిన్నెలకి జిడ్డు ఉంచేస్తాను. నిన్న అమ్మగారు "మీ వదిన ఉంటేనా!" అని నిట్టూర్చారు. లోలోపల నవ్వుకున్నాను. పని వచ్చినదానికి చెడగొట్టడం ఎంత కష్టమో తెలుసా?

అదే వేళకి నేను చేసే ఇల్లొకటి ఉంది కదా, అక్కడ మా పక్కింటామెని పెట్టాను. పిల్ల నా దగ్గరే పడుకుంటోంది.

నీ మరదలు

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరం చదివి నవ్వితే కుట్లు లాగాయి. కానీ తెగేదాకా లాగకే! అమ్మగారికి ఓపిక తక్కువ.

నీ వదిన

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. అమ్మగారు వేరే మనిషిని పెట్టుకున్నారు. "మా వదిన వచ్చేదాకా ఓర్చుకోండమ్మా" అని కాళ్లావేళ్లా పడ్డాను. "ఇలాంటిదాన్ని పంపిందంటే ఆవిడా అంతేలే" అన్నారు. నీకోసమే చెడగొట్టానని ఉన్నమాట చెప్పేశాను. "ఇద్దరూ కలిసి నాటకాలాడారా?" అని ఇంకా మండిపడ్డారు.

నేను చేసే ఇంటికి పరుగెత్తాను. పక్కింటామె పని వాళ్లకి బాగా నచ్చిందట, నన్నిక రావద్దన్నారు. ఆమెనేమంటాను? ఆమెకీ కడుపుంది.

నన్ను తిట్టు వదినా. నీ తిట్లు తింటే గానీ నాకు ముద్ద దిగదు.

నీ మరదలు

ప్రియమైన మరదలికి,

తిడదామనే కాగితం తీశాను, చేతకాలేదు. చేయకన్నది నేనే కదా. అంత పనిమంతురాలివి, నాకోసం చేతకానిదాన్ననిపించుకున్నావు. అది తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

నాలుగు రోజుల్లో బస్సెక్కుతున్నాను. డాక్టరమ్మ నీళ్ల బిందె కూడా ఎత్తొద్దంది. గుమ్మానికి అడ్డం పడుకుంటానని మా అమ్మ గోల. నేను మంచాన పడుకుంటే పొయ్యి వెలుగుతుందా?

వచ్చిన మర్నాడు పొద్దున్నే ఇద్దరం కూలీల అడ్డాలో నిలబడదాం. కట్టడం పనికి ఆడవాళ్లని కూడా పిలుస్తారట. బరువు మోయగలవా అని మేస్త్రీ అడిగితే మోయగలననే చెబుతాను. నువ్వు పక్కనే ఉంటావు కదా, ఏడుపు మొహం మాత్రం పెట్టకు. కనిపెట్టేస్తాడు.

నీ వదిన