నాలుగున్నర అంగుళాలు తక్కువైన గొలుసు

మిన్నెసోటా రాష్ట్రం, నార్‌హేవెన్ ఊరి కాపురస్తుణ్ణి, కీర్తిశేషులు నెల్స్ టాంగెన్ గారి రెండవ కుమారుణ్ణి, నలభై ఏళ్ళు ఇనుప సామాన్ల దుకాణం నడిపి మూసేసినవాణ్ణి, ఓర్విల్ టాంగెన్ అను నేను, నా డెబ్బై నాలుగో ఏట, ఎవరి బలవంతమూ ఎవరి బోధనా లేకుండా, స్వహస్తంతో రాసుకుంటున్న ఆఖరి వీలునామా ఇది. దీనికి ముందు ఒకటి రాశాను. అది చెల్లదు. అందులో అసలు సంగతి రాయలేదు.

నా గుండె బలహీనమనీ బుర్ర మాత్రం నిక్షేపంగా ఉందనీ డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం పసుపు రంగులో ఎందుకుందని అడిగాను. "నీ బుర్ర బాగుందనడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు, ఇక వెళ్ళు" అన్నాడు. నాకు ఆరా ఎక్కువ. నా భార్య ఆర్డిస్ అనేది: "ఈయన ముక్కు ఈయనకంటే రెండడుగులు ముందు నడుస్తుంది" అని. నిజమే. అయితే ఈ ముక్కు దూరని చోటు ఒక్కటి ఉండిపోయింది. అదేమిటో అయిదో నిబంధనలో చెబుతాను.

1. నేను నివసిస్తున్న ఇల్లు, వెనక ఉన్న షెడ్డు, అందులోని పనిముట్లు నా ఏకైక కుమార్తె సిగ్నికి చెందవలెను. సర్వహక్కులతో ఆమె అనుభవించవలెను. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. వంటింటి కిటికీ పైకెత్తే ముందు ఎడమవైపు ఒక గుద్దు గుద్దాలి. అదెందుకో ముప్ఫై ఏళ్ళుగా తేల్చుకోలేకపోయాను. తేలితే మంచిది, తేలకపోతే గుద్దుతూ ఉండటమే.

2. సరస్సు మంచు మీద చేపలు పట్టుకునే నా చెక్క గది విల్బర్ ఓస్‌కి. విల్బర్ నాతో పాటు పదేళ్ళు కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో కొలత గొలుసు మోసినవాడు. నేను ముందు కర్ర పట్టుకుంటే అతను వెనక కర్ర పట్టుకునేవాడు. మంచుకు రంధ్రం వేసే నా బరమా 1959లో అడిగి పట్టుకెళ్ళాడు, ఇంతవరకు తిరిగి ఇవ్వలేదు. అది కూడా అతనికే రాసిస్తున్నాను. ఇకనైనా నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి వెళ్ళనక్కరలేదు. చూడటానికి నేనూ ఉండను.

3. మా ఊరి లిండాల్ కాలేజీకి నేనిచ్చేది ఏమీ లేదు. ఇవ్వవలసింది 1961 నుంచి 1970 దాకా పది సీజన్లు ఇచ్చేశాను.

మనవళ్ళ తరానికి తెలియకపోవచ్చు కనుక రాస్తున్నాను. మా ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. వెళ్ళిందో లేదో కంటికి ఆననప్పుడు రిఫరీ చెయ్యి ఊపుతాడు. అప్పుడు రెండు కర్రల మధ్య పది గజాల గొలుసు కట్టి గట్టున నిలబడ్డ మేము మైదానంలోకి పరిగెత్తాలి. నాలుగు వేలమంది నోళ్ళు ఒక్కసారిగా మూతపడతాయి. కర్ర దాటి బంతి ముక్కు కనబడితే గెలుపు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఆ పనికి ఒప్పుకున్నాను. తల వంచుకుని ప్రార్థన చేసేటప్పుడు కూడా మా చర్చిలో అంత నిశ్శబ్దం ఉండదు.

'61లో తొమ్మిది ఆటలాడి ఎనిమిది ఓడిపోయాం. '63లో సగం జట్టు గవదబిళ్ళలతో పడకేసింది. '65 నుంచి కాస్త పుంజుకున్నాం. '68లో మా కాలేజీ చరిత్రలో ఒకే ఒక్కసారి లీగ్ కప్పు గెలిచాం. '69లో ముప్ఫై నాలుగో నంబరు చొక్కా తొడుక్కున్న కుర్రాడు యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ చొక్కా ఇంకెవరికీ ఇవ్వొద్దని ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. '70 అయ్యాక కొత్త గొలుసు కొని, గొలుసు పని విద్యార్థులకప్పగించారు. మాకు ఒక కప్పు కాఫీ అయినా పొయ్యలేదు. పాత గొలుసు ఎక్కడ పారెయ్యాలని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. ఇంటికి తెచ్చుకున్నాను. తెచ్చుకోకుండా ఉంటే నా బతుకు ఇంకాస్త హాయిగా గడిచేది.

4. నా నల్ల అట్ట నోటు పుస్తకం మనవరాలు మార్నీకి. ఆమె జిల్లా ఆఫీసులో భూములు కొలిచే ఉద్యోగం చేస్తోంది, ప్రశ్నలు అడగడంలో నా రక్తం. ఆ పదేళ్ళలో మేము గొలుసు లోపలికి తీసుకెళ్ళింది నూట ఏడు సార్లు. ప్రతిసారీ బంతి ముక్కు కర్రకు ఎన్ని అంగుళాలు అటో ఇటో రాసిపెట్టుకున్నాను. ఎందుకు రాశావంటే ఏం చెప్పను? తెలుసుకోవాలనిపించింది.

5. దుకాణం కౌంటరు మీద కొట్టి ఉండే, మూసేశాక ఊడదీసి ఇంటికి తెచ్చుకున్న ఇత్తడి గజం బద్ద కూడా మార్నీకే. దీని వెంట ఒక ఒప్పుకోలు ఉంది.

ఆ పాత గొలుసు మూడుసార్లు తెగింది. '62లో మంచుకి, '64లో ట్రాక్టరు చక్రం కింద పడి, '67లో ఎందుకో తెలియదు. మూడుసార్లూ వంకరపోయిన లంకె ఒకటి తీసేసి, మిగిలినవాటిని పటకారుతో కలిపి బిగించింది నేనే. లంకె అంగుళంన్నర. కౌంటరు మీద ఇత్తడి గజం ఉండేది, ఊరంతటికీ గొలుసులు దాని మీదే కొలిచి అమ్మాను. ఈ ఒక్క గొలుసునే కొలవలేదు. అంగుళంన్నరకి ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. ఆట మొదలయ్యే ముందు రిఫరీ కూడా గొలుసును గీతల మీద పరిచి చూడాలి. మా రిఫరీలు ఆ వేళకి నా దుకాణంలో కాఫీ తాగుతుండేవారు. మైదానం మీద సున్నం గీతేమో నాలుగంగుళాల వెడల్పు. దాంట్లో ఎంత తప్పయినా దాక్కుంటుంది.

1968 నవంబరు 16, శనివారం. కప్పు కోసం బార్‌క్లిఫ్ కాలేజీతో ఆఖరి ఆట. బార్‌క్లిఫ్ కోచ్ లీలండ్ స్క్రామ్‌స్టాడ్ నా భార్యకు స్వయానా అన్న. వయసులో ఉండగా మేమిద్దరం రెండు వేసవులు సర్వేయరు దగ్గర గొలుసు లాగాం. నేను బద్దతో కొలిచేది అతను కంటితో కొలిచేవాడు. ఆటలో 13–7తో వాళ్ళే ముందున్నారు. చివర్లో మాది నాలుగో ప్రయత్నం, గొలుసు తెమ్మన్నారు. కర్ర దాటి బంతి ముక్కు రెండంగుళాలు కనబడింది. ఊరు ఊరంతా ఎగిరింది. ఆ ఊపులోనే మావాళ్ళు వెళ్ళి 14–13తో గెలిచారు.

లీలండ్ నా మీదికొచ్చాడు. "బావా, నీ గొలుసు పొట్టిది!" అని నాలుగు వేలమందిలో అరిచాడు.

"నా గొలుసు నా పెళ్ళి ఉంగరమంత నిజం. ఓడిపోయినవాడికి అన్నీ పొట్టిగానే కనిపిస్తాయి" అన్నాను.

ఇంటికొచ్చాక ఆర్డిస్ ఒక్కటే అడిగింది: "ఒక్కసారి కొలిచి చూడరాదూ?" అక్కర్లేదన్నాను. ప్రపంచంలో ప్రతిదాన్నీ గుచ్చి గుచ్చి అడిగే నేను దాన్నొక్కదాన్నీ అడగలేదు. జవాబు వస్తుందని భయపడ్డాను, అంతే. '70లో కొత్త గొలుసొచ్చాక దుకాణం నేల మీద రెంటినీ పక్కపక్కన పరిచాను. నాలుగున్నర అంగుళాలు తక్కువ. తేలు కుట్టిన దొంగలా చుట్టచుట్టి షెడ్డులో పారేశాను. ఆర్డిస్‌కి చెప్పలేదు. ఆమె 1979లో పోయేదాకా చెప్పలేదు. సమాధి దగ్గర లీలండ్ వెనక వరసలో నిలబడి, తర్వాత చర్చిలో అందరికీ పోసే కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. చెల్లెలు పోతే అన్న కాఫీ తాగకుండా వెళ్ళిపోవడమంటే మా ఊళ్ళో ఏమిటో మా ఊరివాళ్ళకే తెలుసు. దానికి కారణం నేను. సిగ్గుగా ఉంది, ఇక్కడ రాసేస్తున్నాను.

ఇంకొక చిన్న సంగతి. ఆ కప్పు ఆట జరిగిన ఏడాది నుంచీ ఆర్డిస్, అయినవాళ్ళంతా కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండగకి ప్రతిసారీ బల్ల మీద ఒక ప్లేటు ఎక్కువ పెట్టేది. ఎవరికని అడిగితే "లెక్క తప్పాను" అనేది. నూలు అల్లికలో ఒక్క కుట్టు తప్పని మనిషి ప్లేట్ల దగ్గర పదకొండేళ్ళు వరసగా ఎలా తప్పింది? ఇదీ తేలలేదు.

6. సదరు పాత గొలుసు, దాని రెండు కర్రలు, మేకుల డబ్బాలో దాచిన మూడు లంకెలు నా బావ లీలండ్ స్క్రామ్‌స్టాడ్‌కి చెందవలెను. నువ్వు చెప్పింది నిజం బావా. గొలుసు పొట్టిదే.

అయితే ఒక షరతు. నోటు పుస్తకం తిరగేస్తే నాకు ఇంకొకటి కనబడింది. అదే ఆటలో, రెండో క్వార్టర్లో, అదే గొలుసుతో మీవాళ్ళకీ కొలిచాం. బంతి కర్ర దాటింది ఒక్క అంగుళం. అసలు లెక్కన అదీ దాటనట్టే. దాని మీదే మీకు మొదటి ఆరు పాయింట్లు వచ్చాయి. అలా కొలిచేటప్పుడు నువ్వు నాకు బారెడు దూరంలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తున్నావు. నాలుగో క్వార్టర్లో కనబడిన పొట్టితనం రెండో క్వార్టర్లో నీ కంటికి కనబడలేదా? నేను పోయిన ముప్ఫై రోజుల్లోగా లీలండ్ దీనికి జవాబు రాసి నా కుమార్తెకు ఇచ్చిన పిమ్మటే గొలుసు అతనికి అప్పగించవలెను.

గురువారం నాడు ఇంతవరకు రాసి లాయరు డోరాన్స్ క్వామ్‌కి చూపించాను. ఆయన ఆరో నిబంధన రెండుసార్లు చదివాడు. "నువ్వు పోయాక జవాబొస్తే వినేదెవరయ్యా? ఆయన పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్నాడు, ఫోనుంది" అన్నాడు. నాకు తట్టనే లేదు. పందొమ్మిదేళ్ళుగా తట్టలేదు. సిగ్ని చేత ఫోను చేయించాను.

కనుక శనివారం మధ్యాహ్నం ఈ కింది భాగం చేరుస్తున్నాను.

లీలండ్ వచ్చాడు. వయసు డెబ్బై ఏడు, బూట్ల మంచు దులపకుండానే లోపలికొచ్చాడు. "ఏం బావా, ఇంకా పోలేదా?" అన్నాడు. "నీ జవాబు కోసమే ఆగాను" అన్నాను. ఆరో నిబంధన చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

"కనబడకేం! అదీ కనబడింది, ఇదీ కనబడింది. మొదటిది నాకు కలిసొచ్చింది, నోరు మూసుకున్నా. రెండోది నీకు కలిసొచ్చింది, అరిచా. అంతకన్నా గొప్ప సంగతేం లేదు బావా."

తర్వాత చెప్పింది నేను అడగని సంగతి. 1974లోనే ఇదంతా ఆర్డిస్‌కి ఫోన్లో చెప్పేశాడట. వచ్చి నాతోనూ చెబుతానంటే ఆమే ఆపిందట. "వద్దన్నయ్యా. ఆయన దాన్ని ఎప్పుడో కొలిచేసుంటాడు. కొలవకుండా ఉండే మనిషేనా? తనంతట తను చెప్పనీ. అప్పుడు నువ్వొచ్చి నీది చెప్పు. నీ ప్లేటు తీయకుండా పెడుతున్నాలే" అందట.

ఆమెకి తెలుసు. నేను అబద్ధం మోస్తున్నానని తెలిసి అయిదేళ్ళు నా ఎదురుగా కూర్చుని భోంచేసింది. నేను అడగని ప్రశ్నకు జవాబు నా బల్ల మీదే ఉంది. నేను దాని పక్కన కూర్చుని బంగాళాదుంపలు తిన్నాను. చాలాసేపు ఏడ్చాను. లీలండ్ ఏడవలేదుగానీ ముక్కు చీదుకున్నాడు.

తర్వాత ఇద్దరం వంటింటి పొయ్యి దగ్గర్నుంచి వీధి తలుపుదాకా గొలుసు పరిచాం. మూడు లంకెలూ వంకర తీసి నేనే తిరిగి బిగించాను. అటు చివర నిలబడ్డ లీలండ్ ఒక కన్ను మూసి చూసి, "ఆ, ఇప్పుడు పది గజాలు" అన్నాడు. ఇత్తడి గజంతో కొలిచాను. సరిగ్గా పది గజాలు.

మందుల షాపు యజమాని హార్లన్ బెక్ ఒక సాక్షి. రెండో సాక్షిగా రావాల్సిన విల్బర్ మంచులో చేపల దగ్గర ఉండిపోయాడు, నా బరమాతోనే అయ్యుంటుంది. లీలండ్ సంతకం పెడతానన్నాడు. సంతకాల కోసం వచ్చిన లాయరు అడ్డుపడ్డాడు: వీలునామా వల్ల ఏదైనా పొందేవాడు దానికి సాక్షిగా ఉండకూడదట. "అయితే నా పేరున రాసిన గొలుసు కొట్టెయ్యండి. అప్పుడు చూసి నోరు మూసుకున్నాను, ఈసారైనా చూసిందానికి సంతకం పెట్టనివ్వండి" అన్నాడు.

కావున ఆరో నిబంధన రద్దు. గొలుసు మార్నీకి చెందవలెను. ఆమె దాన్ని ఏటా ఒకసారి కొలవవలెను.

7. సిగ్నికి ఆఖరి మాట. ఈ నెల ఇరవై ఆరున థాంక్స్‌గివింగ్. నేనున్నా లేకపోయినా బల్ల మీద ఒక ప్లేటు ఎక్కువ పెట్టు. ఎవరికని ఎవరైనా అడిగితే మీ మామయ్యకని చెప్పు.

1987 నవంబరు 14, శనివారం, నార్‌హేవెన్‌లో నా ఇంటి వంటగదిలో, సాక్షుల ఎదుట, చదివి వినిపించి, చేవ్రాలు చేశాను.

(సం.) ఓర్విల్ టాంగెన్

సాక్షులు:
1. హార్లన్ బెక్, మందుల షాపు, నార్‌హేవెన్.
2. లీలండ్ స్క్రామ్‌స్టాడ్, బార్‌క్లిఫ్. పైన రాసిందంతా నా కళ్ళతో చూశాను. ఒక్క అంగుళం కూడా తేడా లేదు.